అంకెల దారి: ట్రంకు కాల్ నుండి ఇంటర్నెట్టు ఫోను వరకు

ముత్తుకూరులోని ఒక గృహిణి నెల్లూరులోని చెల్లెలితో మాటలాడదలచినచో టెలిఫోనుపై ఏడంకెలు నొక్కిన చాలును. కావలిలోని అన్నగారిని పిలువవలెనన్నచో సున్న, 8626, పిదప ఆరంకెలు నొక్కవలెను. అమెరికాలోని కుమారుని పిలుచుటకు ముందుగా రెండు సున్నలు కావలెను. మూడును అంకెల వరుసలే. ఏ వరుస ఎచ్చట ముగియునో, ఏ దారిని పోవలెనో నిర్ణయించువా రెవరు? ఈ నిర్ణయాధికారము నూటనలుబది యేండ్లకు పైగా చేతులు మారుచు వచ్చి, నేడు కొందరి యిండ్లలో ఒక చిన్న పెట్టెను చేరినది. ఆ ప్రయాణమే యీ ప్రసంగమునకు విషయము.

మన దేశమున 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్చేంజీలు తెరువబడెను. అప్పుడు నిర్ణయించునది ఆపరేటరు. పిలుచువారు తమకు కావలసినవారిని చెప్పుదురు. ఆపరేటరు తీగను తగిన రంధ్రమున గ్రుచ్చి కలుపును. తరువాతి కాలమున పొరుగూరికి ట్రంకు కాల్ బుక్ చేసికొని, గంట మ్రోగువరకు వేచి యుండవలసి వచ్చెడిది. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని కాల్సునకు తరగతులుండెడివి. ఆలస్యము నిజమే. కాని యా ఏర్పాటునం దొక సుగుణము కలదు. సగము చెప్పి తడబడినను, ‘తరువాత?’ అని అడుగగల మనిషి నడుమ నుండెను.

అమెరికాలో కాన్సస్ సిటీకి చెందిన ఆల్మన్ స్ట్రౌజరు, శవసంస్కారపు ఏర్పాట్లు చేయు వ్యాపారి, 1891లో స్వయంచాలక ఎక్స్చేంజికి పేటెంటు పొందెను. తన కాల్సును ఆపరేటరు పోటీదారునకు మళ్లించుచున్నదను అనుమానమే ఇందుకు ప్రేరణ యని ప్రతీతి. ఈ యంత్రమున ఒక్కొక్క అంకె రాగానే దారి ఒక్కొక్క మెట్టు ముందుకు సాగును. చివరి అంకెతో పూర్తియగును. మన దేశమున 1960 నవంబరులో కాన్పూరు, లక్నో నగరముల నడుమ ఎస్.టి.డి. ఆరంభమయ్యెను. మొదట నొక్కు సున్న ‘ఊరు దాటి పోవలెను’ అని యంత్రమునకు చెప్పు మాట. నెల్లూరు సంకేతము 861, దానిపై ఏడంకెలు. కావలి సంకేతము 8626, దానిపై ఆరు. ఎటు కూడినను పదియే.

ఇంటర్నెట్టు ఫోనునకు వచ్చుసరికి పద్ధతి మారినది. సాధారణపు టెలిఫోనునకును ఇంటర్నెట్టు రూటరునకును నడుమ అడాప్టరు అను పెట్టె యుండును. అది అంకెలను ఒక్కొక్కటిగా పంపక, అన్నిటిని కూడబెట్టి ఒక్కమారుగా పంపును. కావున వరుస ఎప్పుడు ముగిసినదో ఆ పెట్టెయే తెలిసికొనవలెను. అందుకై దానికి వ్రాసి యిచ్చు నియమములనే డయల్ ప్లాను అందురు.

ముత్తుకూరునకు ఆ నియమములు ఇట్లుండవచ్చును. 2తో మొదలై ఏడంకెలు వచ్చినచో, ముందు 91861 చేర్చి పంపుము. సున్న తరువాత సున్న కాని అంకెతో మొదలై పదంకెలు వచ్చినచో, సున్న తీసి 91 చేర్చుము. రెండు సున్నలు వచ్చినచో అది విదేశపు పిలుపు. దేశ సంకేతముతో కలిపి 15 అంకెల వరకు ఉండవచ్చును గనుక, అంకెలు ఆగిన పిదప కొన్ని క్షణములు చూచి పంపుము. 108, 112 వచ్చినచో క్షణమైనను ఆగక పంపుము. 1800తో మొదలగు నంబర్లు కలవు గదా యని శంకింప బనిలేదు. రెండవ అంకెయే వాటిని వేరుపరచును.

ఇచ్చటనే చిక్కు కలదు. అమెరికా నుండి కుమారుడు తెచ్చిన పెట్టెలో ఆ దేశపు నియమములే వ్రాసి యుండవచ్చును. అచ్చట ఒంటి సున్న యనగా ఆపరేటరు. తల్లి సున్న నొక్కి, తక్కిన అంకెలకై పుస్తకము చూచులోపల, పెట్టె వరుస ముగిసినదని తలచి సున్నను మాత్రమే పంపివేయును. అచ్చట 1 దూరపు నంబరునకు మొదలు గనుక, 108 నొక్కినను ఇంకను అంకెలు వచ్చునని ఎదురుచూడగలదు. ప్రాణాపాయ సమయమున ఆ ఎదురుచూపు చిన్నది కాదు. పైగా విదేశపు సంస్థ ద్వారా పోవు ఫోనునుండి 108 నొక్కినచో మన జిల్లా అంబులెన్సు పలుకునని నమ్మరాదు. అట్టి యింట మొబైలు ఫోను వేరుగా ఉండి తీరవలెను.

ఒకమారు సరిగా వ్రాసిన నియమమును శాశ్వతము కాదు. 2021 జనవరి 15 నుండి మన దేశమున స్థిర టెలిఫోనునుండి మొబైలునకు చేయు ప్రతి పిలుపునకును ముందు సున్న ఉండవలెనను నియమము వచ్చెను. పాత అలవాటుతో పది అంకెలే నొక్కినవారి పిలుపులు నాడు ఆగిపోయినవి. ఎక్స్చేంజిలో మార్పు ఉద్యోగులు చేయుదురు. మన పెట్టెలోని మార్పు మనమే చేసికొనవలెను.

కావున పెట్టెను అమర్చిననాడే నియమములను కాగితముపై తెలుగున వ్రాసి, ఒక్కొక్క దానిని నొక్కి పరీక్షించి చూడుడు. ఇంటిలోని పెద్దలచేత నెమ్మదిగా నొక్కించి చూడుడు. ‘తరువాత?’ అని అడుగు ఆపరేటరు నేడు లేదు. ఆమె ఓర్పును ఆ పెట్టెలో వ్రాసి యుంచవలసిన బాధ్యత మనదే.