లినక్సు మూటల చరిత్రము

కంప్యూటరుచేత పని చేయించు ఆజ్ఞల సముదాయమును సాఫ్ట్‌వేరందురు. రచయితలు దానిని మొదట మనుష్యులు చదువదగిన రీతిలో వ్రాయుదురు. అది మూలము. యంత్రము గ్రహించు రూపమునకు మార్చినగాని అది పనిచేయదు. నూలు తెచ్చి యింట నేసికొనుట యొకటి. నల్లగొండ సీమలోని పోచంపల్లివారు నేసిన చీరను కొని కట్టుకొనుట వేరొకటి. మూలమునకును, సిద్ధపు మూటకును భేదమిట్టిది. ఈ మూటకే ప్యాకేజీ యని పేరు.

1983లో రిచర్డ్ స్టాల్మన్ 'గ్నూ' ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెల్లడించెను. రెండును గలసి అందఱును పంచుకొనదగిన వ్యవస్థ యేర్పడెను. తొలినాళ్లలో మూలమును ఎవరి యంత్రమున వారే మార్చుకొనవలసి యుండెను. కావలసిన దస్త్రమొక్కటి లోపించినను పని నిలిచెడిది. తీసివేయదలచినచో ఏది యెక్కడ చేరెనో తెలిసెడిది కాదు.

1993 ఆగస్టు 16వ తేదీన ఇయాన్ మర్డాక్ డెబియను ప్రయత్నమును ప్రకటించెను. డెబియను మూటలో మూడు భాగములు గలవు. మొదటిది మూట కట్టిన పద్ధతిని తెలుపు గుర్తు. రెండవది చిట్టా: మూట పేరు, కూర్పు సంఖ్య, సంరక్షకుని పేరు, దీనికి ముందుగా నుండవలసిన యితర మూటలు. మూడవది అసలు సరకు. 1995లో రెడ్ హ్యాట్ వారును ఆర్.పి.ఎం. అను మూటను తెచ్చిరి. 1999లో వెలువడిన డెబియను 2.1తో 'ఆప్ట్' వచ్చెను. ఒక మూటను కోరినచో దానికి వలయు తక్కినవానిని అదియే వెదకి తెచ్చును.

మూట విప్పి పరీక్షించుట అందఱి తరము గాదు. కావున ముద్ర ముఖ్యము. మూటల పట్టికపై డెబియనువారు వేసిన ముద్రను 2007 నాటి 4.0 కూర్పు మొదలుకొని యంత్రమే సరిచూచుచున్నది.

దీనివలన మనకేమి ప్రయోజనమందురా? తగిన అక్షరముల మూట లేనిచో తెలుగు జాబు తెఱపై వట్టి గడులుగా కనబడును. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన ఖతులు డెబియనులో మూటగా చేరినవి. హైదరాబాదున 'స్వేచ్ఛ' సంస్థవారు డెబియను నాధారము చేసికొని తెలుగు వ్యవస్థను కూర్చిరి.

అయితే సంరక్షకుడు విడిచిన మూటను డెబియనువారు 'అనాథ' యందురు. వ్యవస్థ మాఱుచుండగా దిక్కులేని మూట పాతబడి, తుదకు తొలగింపబడవచ్చును. ఎత్తివ్రాయువారు లేని తాళపత్రముల గతి మీరెఱుగనిది కాదు.

నైజాము తెలంగాణమున కవులు లేరన్న మాటకు పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులను 'గోలకొండ కవుల సంచిక'లో కూర్చి బదులు చెప్పిరి. ఊరూరనుండి వచ్చినదానిని చేర్చి, పేరుపెట్టి నిలిపినందుననే అది మనకు దక్కినది. మూటల సంరక్షణమును స్వచ్ఛందముగా చేయు పని, నేర్చినవారెవరైనను పూనుకొనవచ్చును. మీ యింట చదువుకొను బాలబాలికలకు ఈ సంగతి చెప్పుడు. తెలుగు మూట యొక్కటియు అనాథ కాకుండ చూచుట వారి వంతు.