గడి లేని నష్టం

2013 అక్టోబరు 12 రాత్రి, సరిగ్గా దసరా రోజుల్లో, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పటికే ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ఊళ్ళు ఖాళీ చేయించారు. 1999 అక్టోబరు 29 నాటి పెనుతుఫానులో సర్కారు లెక్క ప్రకారమే పదివేల దాకా ప్రాణాలు పోయాయి. ఫైలిన్‌లో ఆ లెక్క పదుల్లోనే ఆగింది. గొప్పగా చెప్పుకోవలసిన పనే.

అయితే తరలించింది మనుషుల్ని. గంజాం తీరంలో ఒడియావారు నోలియాలని పిలిచే మన తెలుగు పల్లెకారులు చేతిసంచులతో షెల్టర్లకు నడిచారు. కుక్కలూ పిల్లులూ ఇళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

కొన్ని వారాలకు, బరంపురంలో మా బ్రాంచికి వచ్చిన ఒక ముసలమ్మ పాస్‌బుక్కు అందిస్తూ, "మా కుక్క పోయింది బాబూ, దానికేటీ రాయరా?" అంది. ఆవిడ అడిగింది డబ్బు కాదని నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. "ఎనకాలే వచ్చీకుండా గుంజకి కట్టీసినాను. ఎల్లీటప్పుడు తాడు ఇప్పడం మర్సిపోనాను."

ఉద్యోగంలో చేరిన కొత్తలో గేదెల అప్పులు రాసినవాణ్ణి. గేదె చస్తే చెవికున్న నంబరు బిళ్ళ చూపాలి, బిళ్ళ లేకపోతే ఇన్సూరెన్సు రాదు. ప్రభుత్వ సహాయ నిబంధనల్లో పాడిపశువు, దుక్కిటెద్దు, మేక, గొర్రె, పంది, కోడి దాకా ఉన్నాయి. కుక్కకు గడి లేదు.

మనుషులకే దిక్కులేదు, కుక్కల మాటెందుకు అనేవారుంటారు. నేనూ అనుకున్నవాణ్ణే. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు, బస్సెక్కబోతున్న ఒక పిల్లవాడి దగ్గర్నుంచి పోలీసు కుక్కపిల్లను లాక్కున్నాడనీ, వాడు "స్నోబాల్" అని ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకున్నాడనీ పత్రికలు రాశాయి. అమెరికా అంతా కదిలిపోయింది. కాని చట్టం తెచ్చింది కన్నీళ్ళొక్కటే కాదు. ఊరు వదలనివారిని తర్వాత అడిగితే, నూటికి 44 మంది తమ పెంపుడు జంతువులు కూడా అందుకొక కారణమన్నారు. కుక్కను వదలమంటే మనిషే కదలడం లేదన్నమాట! 2006 అక్టోబరులో వచ్చిన చట్టం, తరలింపు ఏర్పాట్లలో పెంపుడు జంతువులనూ చేర్చమంది. బంగ్లాదేశ్‌లోనైతే 1970 నవంబరు తుఫాను తర్వాతే పశువుల కోసం కిల్లాలనే ఎత్తైన మట్టిదిబ్బలు వేశారు.

మన దేశంలో విపత్తు నిర్వహణ సంస్థ తుఫాను జాగ్రత్తల్లో, పశువుల్నీ జంతువుల్నీ కట్లు విప్పి వదలమని ఒక వాక్యం ఉంది. ఆనాడు మైకులో ఆ మాట చెప్పారో లేదో ఆ ముసలమ్మకు గుర్తులేదు.