లెక్కల్లో తప్పిపోయిన తాత

నేను చరిత్రకారుణ్ణి కాను. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగు చదివి, ఇరవయ్యేళ్ళకు పైగా అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. (మా ప్రాంతం 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. అయినా నా నోటికి ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తుంది.) పాత రికార్డుల జోలికి వెళ్ళాల్సిన అవసరం నాకు మా నాన్నగారు పోయినప్పుడు కలిగింది.

కర్మ చేయిస్తూ పురోహితుడు మూడు తరాల పేర్లు చెప్పమన్నారు. నాన్న తండ్రి పేరు చెప్పాను. తాత తండ్రి, అంటే మా ముత్తాత పేరు కూడా చెప్పాను. ఆయన తండ్రి పేరు దగ్గర ఆగిపోయాను. పక్కనే ఉన్న మా బాబాయి "సుబ్బయ్య" అని అందించాడు. అంతటితో ఊరుకోకుండా, "ఆయన ధాత కరువులో పోయినాడంట" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో విమానంలో కూర్చున్నంత సేపూ ఆ మాటే చెవిలో తిరిగింది. మన భాషలో "పోయినాడు" అంటే ఊరు విడిచి వెళ్ళాడనీ అర్థమే, చనిపోయాడనీ అర్థమే. సుబ్బయ్య ఏ రకంగా పోయాడు? ఫోనులో మళ్ళీ అడిగితే బాబాయికీ తెలియదు. "మద్రాసు దిక్కు పోయినాడని చెప్తారు. ఓడెక్కినాడో, గంజి పోసే కాడ్నే ప్రాణం ఇడిసినాడో, మళ్ళీ రాలేదు" అన్నాడు.

అదే రోజుల్లో మా ఆఫీసులో ఒక సహోద్యోగి తన వంశవృక్షం తయారుచేసుకుంటున్నాడు. 1880 అమెరికా జనాభా లెక్కల్లో వాళ్ళ ముత్తాత పేరు, వయసు, వృత్తి, పక్కింటి వాళ్ళ పేర్లతో సహా కంప్యూటరు తెర మీద చూపించాడు. ఇక్కడ ఇంటింటి జాబితాలను 72 ఏళ్ళు గోప్యంగా ఉంచి ఆ తర్వాత అందరికీ తెరుస్తారు. ఆ లెక్కనే 1950 నాటి జాబితాలు 2022 ఏప్రిల్‌లో బయటికి వచ్చాయి. అయితే వీళ్ళకీ కొరతలున్నాయి. 1790 నుంచి 1840 దాకా జరిగిన లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాశారు. భార్యాబిడ్డలు అంకెలు మాత్రమే. 1890 జాబితాల్లో ఎక్కువ భాగం 1921 జనవరి 10న వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడైపోయాయి. మిగిలినవాటిని కూడా తర్వాత ధ్వంసం చేశారు. సుమారు 6 కోట్ల 30 లక్షల మందిలో ఆరు వేల పైచిలుకు పేర్లు మాత్రమే మిగిలాయట. మా మిత్రుడు ఆ ఖాళీ గురించి తెగ బాధపడుతుంటే నాకు నవ్వు వచ్చింది. మా ఇంట్లో ఉన్నదంతా ఖాళీయే కదా!

ఆ ఉత్సాహంతోనే మన జనాభా లెక్కల మీద పడ్డాను. మద్రాసు రాజధానిలో మొదటి పూర్తి స్థాయి జనాభా లెక్క 1871 నవంబరు 15న జరిగింది. దాని నివేదిక రాసినవాడు డబ్ల్యు. ఆర్. కార్నిష్ అనే వైద్యాధికారి. ఆ తర్వాతి లెక్క 1881 ఫిబ్రవరి 17 రాత్రి, దేశమంతటా ఒకేసారి జరిగింది. మా సుబ్బయ్య ఉన్నాడా లేడా తేలాల్సింది సరిగ్గా ఈ రెండు తేదీల మధ్యనే. రెండింట్లోనూ మా ఊరి జాబితా చూస్తే సరిపోతుందనుకున్నాను.

నా అమాయకత్వం ఎంతో సేపు నిలవలేదు. ఆనాటి మన లెక్కల్లో ఇంటింటి పట్టీల నుంచి అంకెలు తీసి పట్టికలు వేసుకున్నాక ఆ పట్టీలను దాచలేదు. దొరతనానికి కావలసింది ఎంతమంది అన్న సంఖ్య. ఎవరన్నది దానికి అనవసరం. ఇవాళ మనకు మిగిలినవి లావుపాటి నివేదికలు. అందులో జిల్లాలు, తాలూకాలు, కులాలు, వృత్తులు, వయసులు అన్నీ ఉన్నాయి. మనుషుల పేర్లు మాత్రం లేవు.

అయినా పట్టు వదలకుండా ఆ అంకెలే చదివాను. 1871లో కర్నూలు జిల్లా జనాభా తొమ్మిది లక్షలు దాటింది. 1881లో అది ఏడు లక్షల చిల్లర కూడా సరిగ్గా లేదు. పదేళ్ళలో పెరగాల్సిన జనం సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు. కరువేళ్ళలో పుట్టి ఉండాల్సిన పసిపిల్లల వయసు గడుల్లో అంకెలు పలచబడిపోయాయి. లక్షల మంది లేని ఆ తేడాలో మా సుబ్బయ్య ఒకడు. రికార్డుల్లో ఆయన గురించి ఖాయంగా చెప్పగలిగింది ఆ ఒక్కటే. 1871లో ఆయన ఆ మొత్తంలో ఉన్నాడు, 1881లో లేడు.

ఇక్కడ మన సంవత్సరాల పేర్ల గురించి ఒక మాట చెప్పాలి. ధాత అంటే ఏ సంవత్సరం? అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి 1816 కావచ్చు, 1876 కావచ్చు, 1936 కావచ్చు. నేను కాలేజీలో ఉన్న రోజుల్లో ప్రపంచాన్నంతా భయపెట్టిన వై టూ కే సమస్య కూడా ఇదే కదా. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకుంటే శతాబ్దం ఏదో తెలియకపోవడం! మా ముత్తాత పుట్టింది శ్రీముఖలో అని ఇంట్లో ఒక పాత చీటీ ఉంది. మిగతా తరాల వయసులతో సరిచూస్తే 1873-74 ఒక్కటే కుదురుతుంది. కాబట్టి తండ్రి వెళ్ళేనాటికి ఆయన మూడేళ్ళ పిల్లవాడు.

1876లో వానలు పూర్తిగా తప్పాయి. కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయి. 1877 మొదట్లో కరువు పనుల ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. దానితో మట్టి మోసే మనిషి బతకడని గట్టిగా వాదించినవాడు ఎవరో తెలుసా? జనాభా లెక్కల నివేదిక రాసిన ఆ కార్నిషే! అప్పుడాయన మద్రాసు రాజధాని శానిటరీ కమిషనరు. తాను లెక్కపెట్టించిన జనమే కళ్ళముందు తరిగిపోతుంటే చూసినవాడు. ఆ వాదన వల్ల ఆ సంవత్సరమే కూలి కొంత పెరిగింది. ఆ పెంపు అందేదాకా ఎంతమంది ఆగగలిగారో చెప్పడం కష్టం.

సుబ్బయ్య మద్రాసు దిక్కు వెళ్ళాడన్నది నిజమైతే, అక్కడ కరువు పని దొరికి ఉండవచ్చు. కూవం, అడయారు నదులను కలుపుతూ బకింగ్‌హామ్ కాలువ ముక్కను 1877-78లో కరువు పని కిందే తవ్వించారు. లేదా ఓడ ఎక్కి ఉండవచ్చు. మద్రాసు రేవు నుంచి మారిషస్‌కూ, నేటాలుకూ ఒప్పంద కూలీలను తీసుకువెళ్ళేవారు. 1866 నుంచి ఆగిపోయిన నేటాలు వలస 1874లో మళ్ళీ మొదలైంది.

మన ఊళ్ళలో పేరు దాచని ప్రభుత్వం ఓడ ఎక్కినవాడి పేరు మాత్రం జాగ్రత్తగా రాసుకుంది. కూలి ఒప్పందం కదా, మనిషి పారిపోతే పట్టుకోవాలి. 1860 నుంచి 1911 దాకా నేటాలుకు వెళ్ళిన వారు 1,52,184 మంది. అందులో మూడింట రెండు వంతుల మంది మద్రాసు నుంచి ఓడెక్కినవారు. ఒక్కొక్కరికి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు రాశారు. మారిషస్‌లో మోకా అనే ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అక్కడి వలస రిజిస్టర్లు, కొందరి ఫొటోలతో సహా, భద్రంగా ఉన్నాయి.

నేటాలు జాబితాలు కంప్యూటరుకెక్కాయి కాబట్టి అక్కడ మొదలుపెట్టాను. అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఆ ఫారాల్లో ఇంటిపేరు గడి లేదు. తెలుగువాడికి ఇంటిపేరు తీసేస్తే సుబ్బయ్యలందరూ ఒకటే. పైగా గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. సుబ్బయ్య, సూబియా, సుబ్బడు, సూబాడూ, సుబ్బిగాడు అన్నీ ఉన్నాయి. అమెరికా జనాభా లెక్కల సూచికలకు వాడిన సౌండెక్స్ అనే పద్ధతి ఒకటుంది. 1918లో పేటెంటు పొందిన ఈ పద్ధతి అచ్చులను వదిలేసి, దగ్గర ధ్వనులున్న హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. దానితో వెతికితే సుబ్బయ్యకూ శివయ్యకూ ఒకే కోడు వచ్చింది, బకారానికీ వకారానికీ అది తేడా చూడదు కనుక. చివరికి తెలుగు పేర్లకు సరిపడేలా ఒక చిన్న ప్రోగ్రాము నేనే రాసుకున్నాను. శని ఆదివారాలు దానితోనే గడిచేవి. మా ఆవిడ "మీ తాత దొరికాడా?" అని పలకరించి కాఫీ అక్కడ పెట్టి వెళ్ళేది.

ముగ్గురు మిగిలారు. అందులో ఒకతని జిల్లా గడిలో కర్నూలు అని ఉంది. వయసు ముప్ఫై. ఊరి పేరు మాత్రం ఎన్ని రకాలుగా చదివినా మా ఊరు కాదు, మా చుట్టుపక్కల ఊళ్ళలో ఏదీ కాదు. తండ్రి పేరు ఉంది కానీ, సుబ్బయ్య తండ్రి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కుడి కాలి మీద మచ్చ అని ఉంది. ఆ మచ్చ చూసినవాళ్ళు ఎవరున్నారు?

మనసు మాత్రం "ఈయనే" అంటుంది. చెరకు తోటల్లో కష్టపడినా కడుపునిండా తిన్నాడనీ, అక్కడ మనకు దాయాదులు ఉండి ఉంటారనీ అనుకోవడం ఎంత బాగుంటుంది! కానీ డేటాబేసులతో పనిచేసేవాడిగా నాకు ఒక సంగతి తెలుసు. ఖాళీ గడి వేరు, అందులో మనకు నచ్చిన విలువ నింపడం వేరు. ఆ ముప్ఫై ఏళ్ళ మనిషి ఎవరో ఇంకొకరి తాత అయితే, వాళ్ళ ఖాళీని నేను దొంగిలించినట్లే. అందుకని మా వంశవృక్షంలో సుబ్బయ్య పక్కన "1876 తర్వాత తెలియదు" అనే రాశాను.

ఈ సంగతంతా మా మేనత్తకు ఫోనులో చెప్పాను. ఆమెకు ఎనభై దాటాయి. ఓపిగ్గా విని, "రెండేండ్లు ఆ పోయినోని కోసరం యెతికితివి గదరా నాయనా. ఉన్నామె సంగతి అడగనే లేదే" అంది.

"ఎవరత్తా?"

"మూడేండ్ల పిలగాణ్ణి సంకనేసుకోని ఆ కరువు దాటినామె. నీ ముత్తాతోళ్ళ అమ్మ."

నిజంగానే నాకు నోట మాట రాలేదు. అన్ని రిజిస్టర్లు తిరగేసినవాణ్ణి, ఆమె పేరేమిటని ఒక్కసారి కూడా అనుకోలేదు. భార్యల పేర్లు రాయని 1840 నాటి అమెరికా లెక్కలను చూసి జాలిపడినవాణ్ణి నేను! మెల్లగా అడిగాను, ఆమె పేరు ఎవరికైనా గుర్తుందా అని.

అత్త నవ్వింది. "నా పేరేందిరా?"

మా అత్తను ఊరంతా పాపమ్మ అంటుంది. పుట్టినప్పటి నుంచీ అదే పిలుపు. కానీ బ్యాంకు పుస్తకంలో, రేషను కార్డులో ఓబుళమ్మ అని ఉంటుంది. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు. "నేను పుట్టినప్పుడు మా జేజినాయన వాళ్ళమ్మ పేరు నాకు పెట్టినాడు. పెద్దామె పేరు నోరారా పిలిస్తే తప్పని మా యమ్మ పాపమ్మా అనింది. అదే నిలబడిపాయ" అంది అత్త.

ఏ ప్రభుత్వమూ దాచని రికార్డును మా ఇల్లు ఎనభై ఏళ్ళుగా ఒక మనిషి పేరులో దాచింది. నేను ఖండాంతరాల రిజిస్టర్లు వెతుకుతుంటే అది మా ఊళ్ళో అరుగు మీద కూర్చుని ఉంది.

ఈ సంచిక చదువుతున్న మిత్రులకు నా అనుభవం కొద్దీ నాలుగు మాటలు. మీ పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. తాతల పేర్లతో పాటు అవ్వల పేర్లు, వాళ్ళ పుట్టింటి ఊరు, పుట్టింటి పేరు రాసుకోండి. ఎవరి పేరు ఎవరికి పెట్టారో, ఆ పేరుతో పిలవకుండా ఇంకేమని పిలిచారో అడగండి. తెలుగు సంవత్సరం చెబితే పక్కన ఇంగ్లీషు సంవత్సరం వేయండి. ఊరి పేరుకు తోడు ఆనాటి తాలూకా, జిల్లా రాయండి, జిల్లాలు మారుతూనే ఉంటాయి. తెలియనిది తెలియదనే రాయండి. మీ తర్వాత వెతికేవాడికి అది కూడా సాయమే.

సుబ్బయ్య ఇంకా దొరకలేదు. మారిషస్ రిజిస్టర్లు చూడాల్సి ఉంది. అయితే ఇప్పుడు ఆ 1881 పట్టిక తెరిచినప్పుడు నా చూపు తగ్గిన సంఖ్య మీద కాకుండా మిగిలిన సంఖ్య మీద ఆగుతోంది. ఆ ఫిబ్రవరి రాత్రి లెక్కకు వచ్చిన జనంలో ఇద్దరు మావాళ్ళు. ఒకరు ఏడేళ్ళ పిల్లవాడు, ఇంకొకరు ఓబుళమ్మ.