పలకదుమ్ము, దూదిదుమ్ము

మా చరిత్ర రాసినవాళ్లు మమ్మల్ని ఎప్పుడూ గుర్రాల మీదే కూర్చోబెట్టారు. నవాబు, ఫౌజుదారు, కిల్లేదారు, జాగీర్దారు. పుస్తకాల్లో సాయిబంటే వీళ్లే. పొగడాలనుకున్నవాళ్లకూ వాళ్లే కావాలి, తిట్టాలనుకున్నవాళ్లకూ వాళ్లే కావాలి. మార్కాపురం సందుల్లో, కంభం బజార్లో, గిద్దలూరు పేటల్లో గుర్రమెక్కిన సాయిబు మాకెక్కడా ఎదురుపడలేదు. దూది ఏకినవాడు, రాయి చీల్చినవాడు, రోలుకు కక్కు కొట్టినవాడు, మాంసం కోసినవాడు, కుట్టుమిషను తొక్కినవాడు, గాజుల మలారం భుజానేసుకుని ఊళ్లు తిరిగినవాడు - మా తాతలు వీళ్లు. వీళ్ల పని లేకుండా ఒక్క ఊరూ ఒక్క రోజు గడవలేదు. వీళ్ల పేరు మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

1800లో నిజాం కంపెనీకి దత్తం చేసిన సీమలో మా నేలా ఉంది. మొదట కడప కింద ఉంది. 1858లో కర్నూలు కిందికి పోయింది. 1970లో ఒంగోలు కేంద్రంగా పుట్టిన కొత్త జిల్లాలో కలిసింది. ఏలుబడి మారిన తారీఖులన్నీ ఉన్నాయి. చేతిపనులు బతికిన తారీఖులు, చచ్చిన తారీఖులు ఎవరు రాశారు?

మార్కాపురం పేరు దేశానికి తెలిసింది పలకతో. గనిలోంచి రాయి తియ్యాలి. ఉలితో పొరలు పొరలుగా చీల్చాలి. కొలతకు కొయ్యాలి. నున్నగా రుద్దాలి. చెక్క చట్రం బిగించాలి. అప్పుడది పలక. హిందువుల ఇంట అక్షరాభ్యాసం, మా ఇంట నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా. ఓనమాలైనా అలిఫ్ బే అయినా మా పిల్లలు దిద్దుకున్నది ఈ పలక మీదే. పలక కాలికి తగిలితే కళ్లకద్దుకుంటాం. చదువు చెప్పిన అయ్యవారికి, మౌల్వీసాబుకు వంగి సలాం చేస్తాం. పలక చేసినవాడు ఎదురొస్తే ఎవరైనా పలకరిస్తారా?

రాతిదుమ్ములోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దాన్ని నయం చేసే మందు ఈనాటికీ లేదు. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 1988లో కేంద్ర ప్రభుత్వం పనిపిల్లల్ని బడికి తెచ్చే ప్రాజెక్టును దేశంలో మొదట తొమ్మిది చోట్ల పెట్టింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి - వాటి వరసలో మార్కాపురం పలక! దేశమంతా పిల్లలు చదువుకోవడానికి పలకలు చేసిపెట్టిన పిల్లలకు బడి లేదు. మన సమాజం ఏ పనిని మెచ్చుకుంటుందో, ఏ పనిని చూడనట్టు నటిస్తుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద రుజువు వెతకక్కర్లేదు.

ఆ తర్వాత నోటుపుస్తకాలొచ్చాయి, పలకకు గిరాకీ తగ్గింది. అదే రాయి నేల మీద పరిచే బండలుగా, గోడలకు అతికే పలకలుగా విదేశాలకు పోయింది. ఇల్లు చూసినవాళ్లు కట్టించినవాణ్ని మెచ్చుకుంటారు. దుమ్ము మాత్రం ఇక్కడే, పనివాళ్ల గుండెల్లోనే మిగులుతుంది. ఆ పనిలో దళితులున్నారు, బీసీలున్నారు, మేమూ ఉన్నాం. దుమ్ము ఎవరి కులమూ అడగదు. మర్యాద మాత్రం అడుగుతుంది.

దూది సంగతి చూడండి. పత్తిని విల్లుతో ఏకితేనే ఏకు. ఏకు ఉంటేనే నూలు. నూలు ఉంటేనే బట్ట. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ కూడింది. దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా నమూనా ఇచ్చిందీ ఆ రోజుల్లోనే. రాట్నం జెండా ఎక్కింది. వకీళ్లు, జమీందారుల ఇంటి ఆడవాళ్లు నూలు వడికారు, అది దేశభక్తి అయింది. ఏకడం కూడా నేర్చుకోమని గాంధీగారే చెప్పారు. అయినా దూదేకుల విల్లు ఏ జెండా మీదికీ రాలేదు. రాట్నాన్ని వ్రతంగా పట్టినవాళ్లు గొప్పవాళ్లయ్యారు. విల్లును కూటి కోసం పట్టినవాడు దూదేకుల సాయిబుగానే ఉండిపోయాడు. మిల్లు నూలు, ఆపైన మిషన్లు, ఫోము పరుపులు వచ్చి ఆ విల్లునూ అటకెక్కించాయి. మిగిలిందేమిటి? 'ఏకు మేకై కూచున్నాడు' అని ఒక సామెత. అదీ తిట్టే!

కిటుకంతా ఇక్కడే ఉంది. ఇష్టపడి ఎంచుకున్న పనికి సమాజం గౌరవం ఇస్తుంది. పుట్టుకతో అంటగట్టిన పనికి పేరు పెడుతుంది. పుట్టుకతో వచ్చింది కదా, అందులో నేర్పేముంది అంటుంది. నేర్పు లేదన్నాక కూలి పెంచేదేముంది? వానకు ఎవరూ డబ్బు కట్టనట్టే ఈ మెహనత్‌కూ కట్టరు.

ఈ రోగం బయటివాళ్లకే అంటుకోలేదు. మసీదులో భుజం భుజం కలిపి నిలబడే బిరాదరీలోనూ అష్రాఫ్, అజ్లాఫ్ లెక్కలున్నాయి. నమాజు వరసలో పక్కన నిలబడ్డవాడు నిఖా మాట వచ్చేసరికి ఖాందాన్ అడుగుతాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులవాళ్లను ఉర్దూ మాట్లాడేవాళ్లు తక్కువగా చూడటం పల్లెపల్లెలో ఉన్నదే. దూదేకులవాళ్లు ముందునుంచీ బీసీ-బి జాబితాలో ఉన్నారు. 2007 చట్టం మరో పద్నాలుగు ముస్లిం సమూహాలను బీసీ-ఇ కింద చేర్చింది. ఆ జాబితా చదవండి. అత్తరు సాయిబులు, తురక చాకల, హజాం, ఖసాబ్, తురక కాశ, చక్కిటకానేవాలే, రోళ్లకు కక్కు కొట్టేవారు. కులాల జాబితా అనుకుంటారు గానీ అది మా పనుల చరిత్ర. నవాబుల వంశవృక్షాల పక్కన పెట్టాల్సిన కాగితం అది. అందులో ఒక్క గుర్రం లేదు.

సమాజం మాలో ఎవర్నీ మెచ్చుకోలేదా అంటే, మెచ్చుకుంది. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరానికి 1977లో పద్మశ్రీ ఇచ్చింది, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి అంది. ఆ విద్వత్తుకు మేమూ మురిసిపోతాం. అయితే పెళ్లిపందిట్లో తెల్లవార్లూ ఊది, కూలి కోసం చివరిదాకా కాచుక్కూచునే సన్నాయి సాయిబు కూడా ఆ వాద్యం బతికుండటానికి కారణమే. ఒక్కణ్ని శిఖరం మీద నిలబెట్టి దండ వేస్తే కింద మోసినవాళ్ల బాకీ తీరిపోదు.

మా పిల్లలు విల్లే పట్టాలని, రాయే కొట్టాలని మేం అనడం లేదు. వాళ్లు డాక్టర్లు కావాలి, కలెక్టర్లు కావాలి. డాక్టరైన బిడ్డ తన తాత దూది ఏకాడని తల దించుకోకుండా చెప్పగలగాలి. రాయి కొట్టేవాడి ఊపిరికి రక్షణ, కూలికి లెక్క, ఆ ఇంటి పిల్లకు బడి ఉండాలి. ఇజ్జత్ అంటే మాకు ఇవే. పొగడ్తలు తర్వాత.

ఏకడం తెలిసిన ముసలివాళ్లు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. వాళ్లు పోకముందే, ఎవరు ఏ ఊళ్లో ఏం చేశారో, ఎంత కూలి పుట్టిందో, ఏ జబ్బుతో పోయారో అడిగి రాసుకుందాం. తెలుగులోనూ రాద్దాం, ఉర్దూలోనూ రాద్దాం. మా తవారీఖ్ దర్బారుల్లో దొరకదు. అది రాతి గనుల్లో, పలకల షెడ్లలో, అటకెక్కిన విల్లు మీది దుమ్ములో ఉంది.