బ్యాటరీ బండికి మజిలీ ఎక్కడ?

హైదరాబాదు నుంచి బెజవాడకు బయలుదేరితే, 80 కిలోమీటర్ల పైచిలుకు రాగానే నార్కట్‌పల్లి వస్తుంది. అక్కడ కాసేపు ఆగి పిల్లలకు పాలో, మనకు టీయో తాగి బయలుదేరతాం. వెనకటి రోజుల్లో అయితే బండి విప్పి ఎడ్లకు మేత వేసేవారు. బండి ఏదైనా మజిలీ తప్పదు కదా! ఎలక్ట్రిక్ కారు ఒకప్పుడు ఓడిపోయింది ఆ మజిలీ దొరకకనే.

ఎలక్ట్రిక్ కారు నిన్నమొన్న పుట్టిందనుకుంటున్నారేమో! కాదండీ. 1900 నాటికే అమెరికా రోడ్ల మీద తిరిగే కార్లలో ఇంచుమించు మూడో వంతు ఇవే. పొగ లేదు, చప్పుడు లేదు. పెట్రోలు కారు కదలాలంటే ముందు నిలబడి ఇనప హ్యాండిలు తిప్పాలి. అది ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. అందుకని ఎలక్ట్రిక్ కారుకు 'ఆడవాళ్ల బండి' అని పేరుపడింది. విడ్డూరమేమిటంటే, పెట్రోలు కార్లను ఊరూరా చేర్చిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా గారు తాను మాత్రం 'డెట్రాయిట్ ఎలక్ట్రిక్' కారు నడుపుకునేవారు.

మరి ఎందుకు వెనకబడింది? 1912లో కెటరింగ్ తయారుచేసిన స్టార్టరు కాడిలాక్ కార్లలోకి వచ్చింది. బ్యాటరీ సాయంతోనే పెట్రోలు కారుకు హ్యాండిలు బాధ తప్పింది! ఫోర్డు కార్ల ధర కూడా తగ్గింది. అన్నిటికంటే ముఖ్యం, పెట్రోలును డబ్బాలో పోసి ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. కరెంటు తీగలు చాలా పల్లెలకు ఇంకా చేరలేదు. క్లారా గారి కారులాంటివి ఒకసారి ఛార్జి చేస్తే సుమారు 130 కిలోమీటర్లు నడుస్తాయని ప్రకటించేవారు. అంటే మన నార్కట్‌పల్లి దాకా వచ్చేది, తిరిగి ఇల్లు చేరేది కాదు. లోపం నడిపే ఆడవాళ్లలో లేదు, దారిలో ఉంది.

ఇప్పుడు ఊరూరా కరెంటు ఉంది. 2023 మే నెలలో ఇదే దారిన ఆర్టీసీ వారి ఈ-గరుడ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. ఒక్క ఛార్జితో 325 కిలోమీటర్లు నడుస్తాయన్నారు. బెజవాడ సుమారు 275 కిలోమీటర్లే.

అలాగని కళ్లు మూసుకుని కొనేయమనడం లేదు. ఎండలో ఏసీ వేసుకుని, మనుషులతో సామానుతో వేగంగా పోతే, కంపెనీ చెప్పిన దూరం రాదు. ఇంట్లో మామూలు ప్లగ్గుతో బ్యాటరీ నిండాలంటే రాత్రంతా పడుతుంది. సొంత ఇల్లయితే ఫర్వాలేదు. మూడో అంతస్తులో అద్దెకున్న వారికి కింద ప్లగ్గు ఎవరిస్తారు?

బడికీ బజారుకీ రోజుకు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఈ బండి ఇవాళే చాలు. దూరప్రయాణాలకు మాత్రం దారిలో మజిలీలు పెరగాలి. ఇంట్లో కారు మాట వస్తే రంగు సంగతి తరవాత చూద్దురుగాని. "రాత్రి దీనికి మేత ఎక్కడ?" అని ముందు మీరే అడగండి.