రైతు బజార్

రైతు బజార్: రైతులు తాము పండించిన కూరగాయలను, పండ్లను దళారులు లేకుండా వినియోగదారులకు నేరుగా అమ్ముకునే మార్కెట్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999 జనవరి 26న ఈ పథకాన్ని ప్రారంభించింది. హనుమకొండతో పాటు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ, మెహిదీపట్నంలలో ఇవి ఉన్నాయి.

నేపథ్యం: 1987లో పంజాబ్ ప్రాంతంలో మొదలైన 'అప్నీ మండీ' ఈ తరహా మార్కెట్లలో ముందుది. రైతు బజార్ల తర్వాత తమిళనాడులో 'ఉళవర్ సందై' 1999 నవంబరులో మధురైలో మొదలైంది. విదేశాల్లో చూస్తే, ఇటలీలోని ట్యూరిన్ నగరంలో, ఐరోపాలోని అతిపెద్ద బహిరంగ మార్కెట్లలో ఒకటైన పోర్టా పలాజోలోనూ రైతులకు ప్రత్యేక విభాగం ఉంది.

నిర్వహణ: అధికారులు కూరగాయలు పండించే రైతులను గుర్తించి కార్డులు ఇస్తారు. మార్కెట్‌ను ఎస్టేట్ అధికారి పర్యవేక్షిస్తారు. టోకు ధరకన్నా ఎక్కువగా, బయటి చిల్లర ధరకన్నా తక్కువగా ఉండేలా రోజువారీ ధరలు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. స్వయం సహాయక సంఘాల మహిళలకూ ఇక్కడ అమ్ముకునే వీలుంది.

సరుకులు: టమాట, వంకాయ, బెండ, కాకర, ఆనపకాయ, పచ్చిమిర్చి, ఆకుకూరల్లో పుంటికూర, చుక్కకూర, పాలకూర, కొత్తిమీర ముఖ్యమైనవి. ఆకుకూరలు కోసిన కొన్ని గంటల్లోనే వాడిపోతాయి కాబట్టి కొనేవారు పొద్దున్నే రావడం మేలు.

ప్రాధాన్యం: కూరగాయలు ఎక్కువ రోజులు నిల్వ ఉండవు, వెంటనే అమ్ముకోవాలన్న ఆ తొందరే చిన్న రైతును దళారి చెప్పిన ధరకు తలొగ్గేలా చేస్తుంది. అందుకే నగరం నడిబొడ్డున అతనికి చోటు, తూకం, ధరల బోర్డు కల్పించడం విలువైన ప్రజాసేవ.