చాందా సీమలో భాషావృక్షమూ భాషాపటమూ

భాషాచరిత్రను బొమ్మ గీసి చెప్పడం ఎంతవరకు ఉపకరిస్తుందో పరీక్షించుకోవడానికి చంద్రపూర్ జిల్లా తగిన చోటు. పాతపేరు చాందా. ఇక్కడ మరాఠీ, తెలుగు, గోండీ, కోలామీ, నాయకీ పక్కపక్కనే వినిపిస్తాయి. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది; తర్వాత నాందేడుకు, 1959లో చాందాకు మారింది. తెలుగు బాగా వినిపించే సిరొంచా 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడేదాకా ఇక్కడిదే.

భాషల బంధుత్వాన్ని చెట్టుగా గీయడం పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ పండితుడు ష్లైఖర్‌తో వ్యాప్తికి వచ్చింది. ద్రావిడ వృక్షంలో తెలుగు, గోండీ దక్షిణ-మధ్య శాఖవి. కోలామీ, నాయకీ మధ్య శాఖవి. ఒక పుట వివరణ ఒక్క చూపులో తెలిసిపోతుంది. అయితే ఆదిలాబాదు కోలామీలో తెలుగు ఆదానాలు విస్తారం. విన్నవారికి అది తెలుగుకు చుట్టమే అనిపించవచ్చు. పుట్టుకను చూపే చెట్టులో ఇరుగుపొరుగుకు చోటు లేదు. ఆ లోటు చూసే యోహన్నెస్ ష్మిట్ 1872లో మార్పులు అలల్లా వ్యాపిస్తాయన్నాడు.

చెట్టు గణితానికి కూడా పనికివచ్చింది. రెండేసి కొమ్మలుగా చీలే చెట్టులో మూడు భాషలను 3 విధాల అమర్చవచ్చు. కాగితం మీద గీసి చూడండి: నాలుగో భాషను అతికించడానికి మొదలుతో కలిపి 5 చోట్లు కనబడతాయి. కనుక 15 చెట్లు. ఐదో భాషకు 7 చోట్లు, ఆరోదానికి 9, మొత్తం 945. సూత్రం బట్టీపట్టిన విద్యార్థికి అందని కారణం గీసినవాడికి వేలికొసన ఉంటుంది.

ఆ 945లో ఏది సరైనదో మాత్రం బొమ్మ చెప్పలేదు. 1983లో భద్రిరాజు కృష్ణమూర్తి, లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్ కలిసి గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలను తీసుకున్నారు. ఒక ధ్వనిమార్పు ఏ మాటల్లో జరిగింది, ఏ మాటలు మారకుండా మిగిలాయి అని లెక్కించారు. అతి తక్కువ మార్పులతో ఆ తేడాలను వివరించే చెట్టును ఎంచారు. అది సంప్రదాయ తులనాత్మక పద్ధతి చూపిన వర్గీకరణను బలపరిచింది. గీత ప్రశ్నను స్పష్టం చేసింది, తీర్పు లెక్కది. మా అభిప్రాయంలో ఈ పని తెలుగు విద్యార్థులకు ఇంకా ముందే పరిచయం కావలసింది.

పటం సంగతి వేరు. అది చూడగానే నమ్మిస్తుంది, ప్రమాదమూ అక్కడే. భారతీయ భాషలు క్రమంగా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయనీ, పటంమీది సరిహద్దులు కేవలం సౌకర్యానికనీ గ్రియర్సన్ తన భాషా సర్వేలో హెచ్చరించాడు. పటాలు పాఠ్యపుస్తకాలకు చేరాయి, ఆ వాక్యం చేరలేదు. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లోనే సేకరించింది. ఒక పనికి హద్దు కావాలి కదా, తప్పుపట్టలేం. కాని బల్లార్షాలో పెరిగిన తెలుగు పిల్ల రంగు వేసిన పటం చూసి తన ఊరు బయట ఉందనీ, తన ఇంటి మాట చెడిపోయిన తెలుగనీ అనుకుంటే ఆ బొమ్మ అబద్ధం నేర్పినట్టే. 1955లో రంగు లోపల ఉన్న రాజురా ఇళ్లు 1957కి బయటపడ్డాయి. ఆ రెండేళ్లలో ఆ ఇళ్ల మాట మారలేదు.

చాందాకు పటం గీసే విద్యార్థులు రంగు పూయకుండా ఊరికొక చుక్క పెట్టి, ఆ ఊళ్లో వినబడే భాషలన్నిటికీ చుక్కలో వాటా ఇవ్వాలని మా సూచన. పటం చిందరవందరగానే ఉంటుంది. జిల్లా ఉన్నది కూడా అలాగే.